వంతు ఆగిన రోజు

311. ఉత్తర కార్తె, మంగళవారం

గాలి తూర్పు నుంచి. అడుగు నీరు మడమ లోతు. మేస్త్రి వెంకట్రాజు గారు నన్ను రాయమన్నది ఈ రెండు ముక్కలే. "గాలి, నీరు, అంతే మాణిక్యం, కథలు రాయకు" అని ఈ లాగ్ నా చేతికిచ్చిన రోజే హెచ్చరించారు. ఆయన తిరగేసి చూడరని తెలుసు కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. కాళ్ళు ఎలాగూ పడిపోయాయి, నోరు కూడా కట్టుకుని కూర్చోమంటే నా వల్ల కాదు.

నా పేరు నాగమాణిక్యం. కొత్తలంక, మూడో తెప్ప. పాత లంక మా కిందే ఉంది, నీళ్ళ అడుగున. వల కాస్త బరువుగా వేస్తే ఇప్పటికీ ఇంటి పెంకులు పడతాయి. నిరుడు గాలివానకి ఐదో తెప్ప గొలుసు తెంచుకుని వచ్చి మా తెప్పని గుద్దింది. ఆ సమయానికి నేను నీళ్ళలో ఉన్నాను, అడుగున చీలికకి బిళ్ళ వేస్తున్నాను. రెండు తెప్పల మధ్య నా నడుము నలిగిపోయింది. పక్కింటి ఏసుమణి దూకి పైకి లాక్కొచ్చింది. అప్పట్నుంచి నా తిరుగుడంతా చక్రాల పలక మీదే. నీళ్ళలోకి దిగేవాళ్ళకి రబ్బరు తొడుగులు కుడుతున్నాను. నా కుట్టు బాగుంటుంది. నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు కనక.

ఇవాళ మా ఆయన అబ్బులు పలక తోసుకుంటూ నన్ను మొదటి తెప్ప మీదున్న ఆసరా గదికి తీసుకెళ్ళాడు. ఆ గదిలో మనిషి ఉండడు. గోడలోంచి ఒక గొంతు మాట్లాడుతుంది. దాన్ని పరిశీలిని అంటారు. గొంతు తేనె, పని సున్నా.

"నాగమాణిక్యం గారూ, నమస్కారం. మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది."

"ఎండాకాలంలోనూ ఇదే చెప్పేవు తల్లీ."

"అవునండి. అప్పుడూ పరిశీలనలోనే ఉంది."

అబ్బులు నవ్వాపుకోలేక బయటికెళ్ళి నిలబడ్డాడు. నాకు నవ్వు రాలేదు. ఆసరా గుర్తింపు వస్తే నడిచే చట్రం ఇస్తారు. అందులో కూర్చుంటే నన్ను మోసుకుని నిచ్చెన కూడా ఎక్కుతుందట. మా వంటివాళ్ళ వంతు పనికి మోటారు కూడా బిగిస్తారు. గుర్తింపు రాకపోతే మాత్రం స్వాతి కార్తెలో గట్టు పడవ వస్తుంది. గాలివానలో తమంతట తాము పైకి ఎక్కలేని వాళ్ళని గట్టు మీది సంరక్షణ నిలయానికి తీసుకుపోతుంది. అక్కడ కాలూ చెయ్యీ ఆడేవాళ్ళకి చోటు లేదు కాబట్టి అబ్బులు నాతో రాకూడదు. పోయినేడు వెళ్ళిన మా నరసమ్మ పిన్ని ఇంకా తిరిగి రాలేదు. అక్కడి నుంచి రావాలన్నా గుర్తింపు కావాలి, అక్కడా ఇదే గొంతు.

నేను మాత్రం వెళ్ళను. ఎలా వెళ్ళకుండా ఉంటానో ఇంకా తెలియదు గాని, వెళ్ళను.

314. ఉత్తర కార్తె, శుక్రవారం

గాలి తగ్గింది. నీరు మడమ లోతే.

ఇవాళ నిచ్చెన తనిఖీ. గాలివాన ముంచుకొస్తే మేమంతా తెప్పలొదిలేసి పాత చమురు మంచె ఎక్కుతాం. సముద్రంలో నాలుగు ఉక్కు కాళ్ళ మీద నిలబడ్డ ఆ మంచె ఏ గాలికీ కదలదు. దాని మీదికి నిచ్చెన ఉంది. ఏటా ఉత్తర కార్తె పోయేముందు తనిఖీ వాళ్ళు వచ్చి ఎవరెవరు ఎక్కగలరో చూస్తారు.

ఈసారి వచ్చినతను సన్నగా, ఎండకి కమిలిన మొహంతో ఉన్నాడు. పేరు ఫణిశర్మ అన్నాడు. నా పలక నిచ్చెన దగ్గర ఆపి, "ఎక్కండి" అన్నాడు.

"తమరు ఎత్తుకుంటారా?"

"సొంతంగా ఎక్కాలండి."

"కనపడుతోంది కదా బాబూ."

"కనపడ్డా అడగాలండి, రూలు." పాపం అతనికీ మొహం చెల్లలేదు. నేను ఎక్కలేదని రాసుకున్నాడు. అక్కడికక్కడే గట్టు పడవ జాబితాలో నా పేరు చేరిపోయింది. ఎక్కలేవు కాబట్టి వెళ్ళిపో అని ఒక ఆఫీసు రెప్పపాటులో తేల్చేసింది. ఎక్కలేనిదానివో కాదో చూడాలి అని ఇంకో ఆఫీసు నిరుటి నుంచీ చూస్తోంది. ఈ రెండిటినీ ఒక గదిలో పెట్టి తాళం వెయ్యాలని అబ్బులుతో అన్నాను. తాళం వెయ్యడానికి కూడా దరఖాస్తు పెట్టాలన్నాడు.

318. హస్త కార్తె, మంగళవారం

ఈశాన్యం గాలి, కాస్త గట్టిగానే. నీరు మడమ దాటింది.

ఇవాళ నా ఓపిక చచ్చింది. ఆసరా గది గుమ్మానికి అడ్డంగా పలక నిలిపి, చక్రాలకి రాయి పెట్టమన్నాను అబ్బుల్ని. వెనకాల నిలబడ్డవాళ్ళు గొణుక్కున్నారు. గొణుక్కోనిమ్మన్నాను. ఇన్నాళ్ళూ ఎప్పుడు తేలుతుందని అడుగుతూ వచ్చాను. ఈసారి వేరే ప్రశ్న వేశాను.

"నిరుటి నుంచీ పరిశీలిస్తున్నావు కదా, ఏం పరిశీలిస్తున్నావు? నా మొహమా?"

"మీ వైద్య నివేదికకీ మీ పట్టీకీ పొంతన కుదరడం లేదండి. నివేదిక ప్రకారం మీ రెండు కాళ్ళూ కదలవు. పట్టీ ప్రకారం మీరు పంపు వంతు ఎన్నడూ తప్పలేదు. మొన్న ఆదివారం కూడా పూర్తిగా తొక్కారు."

ఇది ఎలా జరిగిందో నాకు వెంటనే తెలిసింది.

మా తెప్పలన్నీ కారతాయి. కారిన నీటిని తొక్కుడు పంపుతో తోడెయ్యాలి, పెద్దవాళ్ళందరికీ వంతులుంటాయి. మణికట్టు పట్టీ ఆనిస్తేనే పెడలు తాళం వీడుతుంది, ఎవరి వంతుకి వాళ్ళ పట్టీయే ఆనాలి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పక్కింటివాళ్ళు చప్పుడు చెయ్యకుండా వచ్చి, గడప మీద పెట్టిన పట్టీ తీసుకుని, తమ చేతికి తొడుక్కుని తొక్కేసి, మళ్ళీ గడప మీద పెట్టి పోతారు. వంతు ఎత్తడం అంటాం దీన్ని. ఎత్తినవాళ్ళు చెప్పరు, ఎత్తించుకున్నవాళ్ళు అడగరు. థాంక్స్ అన్నామంటే మొహం మీద కొట్టినట్టే. ఒక్కరి వంతు తప్పినా తెప్ప మొత్తానికి మంచినీళ్ళు తగ్గిస్తారు, తెప్పలు కొత్తగా కట్టిన రోజుల్లో పుట్టిన మర్యాద ఇది. నా పట్టీ గడప మీద మాయమవడం, మళ్ళీ చెమట తడితో ప్రత్యక్షమవడం చూస్తూనే ఉన్నాను. ఎత్తేది ఏసుమణి అని పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ పట్టీ లెక్క నగరంలోని ఆఫీసుకి వెళ్ళి నా మీదే సాక్ష్యం చెబుతోందని మాత్రం ఎవరికీ తట్టలేదు. అంతమంది ఉన్నాం, ఒక్కరికి తట్టలేదు.

"పొంతన లేని దరఖాస్తులన్నీ మనిషే చూడాలండి" అంది పరిశీలిని. "సమీక్షాధికారి కోదండపాణి గారు."

"ఆయన ఒక్కరేనా?"

"ఒక్కరేనండి."

ఆయనతో మాట్లాడించేదాకా రాయి తియ్యనన్నాను. చివరికి గోడలోంచి ఒక ముసలి గొంతు వచ్చింది, జలుబు చేసినట్టుంది.

"అమ్మా, నా దగ్గరున్న ఫైళ్ళన్నీ ఇవే. అన్ని లంకల నుంచీ ఇవే. పక్షవాతం వచ్చి మంచం పట్టిన మనిషి కూడా పంపు తొక్కేస్తున్నాడు. నేను డాక్టర్ని నమ్మాలా, పట్టీని నమ్మాలా? ఒక్కోటీ పట్టుకుని కూర్చుంటే నెలలు పడుతోంది."

"అది కాదండి, మా పక్కింటావిడ..."

"ఆగండి." ఆయన గొంతు మారింది. "ఒకరి పట్టీ ఇంకొకరు పెట్టుకుంటే నేరం. మీరు చెప్పేది నేను విన్నానంటే రాయాలి. రాశానంటే ముందు ఆవిడకి మంచినీళ్ళు ఆగుతాయి. నేను వినలేదు."

"మరేం చెయ్యమంటారు?"

"పట్టీ చెప్పాలమ్మా. పట్టీ చెబితే నా దాకా రావక్కర్లేదు, యంత్రమే తేల్చేస్తుంది."

దారిలో చక్రం చెక్కల సందులో ఇరుక్కుంటే అబ్బులు రెండుసార్లు తిట్టుకున్నాడు, అంతే.

319. హస్త కార్తె, బుధవారం

గాలి అదే. నీరు అంతే.

పొద్దున్నే అబ్బులు నాచు ఆరబెడుతుంటే చెప్పాను, ఈ ఆదివారం నా వంతు ఆగిపోవాలని.

"ఏసుమణికి ఎవరు చెప్తారు?"

"నువ్వు చెప్పు."

"నేనా? నేను ఊరొదిలి పారిపోతాను."

"ఊరెక్కడుందయ్యా పారిపోడానికి?"

దాంతో నేనే వెళ్ళాను. ఏసుమణి గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. మనిషి మాట తక్కువ, చెయ్యి జాస్తి. నన్ను చూసి పీట జరిపింది, పలక పట్టేంత చోటు చేసింది.

"ఏసుమణీ, వచ్చే ఆదివారం నా పట్టీ ముట్టుకోకు."

"ఏం పట్టీ?"

"నా పట్టీయే. నువ్వు ఎత్తే వంతు."

"నేనేం ఎత్తట్లేదు." చేప తిప్పి రెండో వైపు తోమడం మొదలుపెట్టింది.

"మరి నా కాళ్ళు లేచెళ్ళి తొక్కొస్తున్నాయా?"

"ఏమో. నాకేం తెలుసు."

ఇలా కాదని ఆసరా గదిలో జరిగిందంతా విడమర్చి చెప్పాను. చేప తోముతున్న చెయ్యి ఆగింది. ఒప్పుకుంటే మర్యాద తప్పినట్టు, ఒప్పుకోకపోతే నేను గట్టు పడవ ఎక్కినట్టు. దాని అవస్థ చూస్తే నాకే జాలేసింది.

"నీ వంతు ఆగిందంటే ఈ తెప్ప మీద నా మొహం ఎవరికి చూపించాలి? పక్కనే ఉండి చూస్తా ఊరుకుందంటారు."

"అననీ."

"నీకేం, అంటావు." లేచి తట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. లేచేటప్పుడు గోడ పట్టుకుంది. నేను అదేమీ పట్టించుకోలేదు, నా గోలలో నేనున్నాను.

322. హస్త కార్తె, శనివారం

గాలి లేదు. నీరు మడమ పైన రెండు వేళ్ళు.

వెంకట్రాజు గారి చేత తెప్ప కూటం పెట్టించాను. వంతు ఎత్తడం గురించి నలుగురిలో మాట్లాడటం మా దగ్గర ఎన్నడూ జరగలేదు. నేను నోరు విప్పగానే ఆడవాళ్ళు తలలు దించుకున్నారు, మగవాళ్ళు గాలి ఎటుందో చూడసాగారు.

"తమరు చేసిన మంచిపనే మా మెడకి చుట్టుకుంది" అని మొదలుపెట్టాను. ఎవరికీ నచ్చలేదు. నచ్చాలని చెప్పలేదు కూడా.

వెంకట్రాజు గారు గొంతు సవరించుకున్నారు. "వంతు ఆగితే నీళ్ళొచ్చేత్తాయి మాణిక్యం. మంచినీళ్ళు తగ్గించేత్తారు. ఒకరి కోసం తెప్పంతా ఎండాలా?"

"ఒకరి కోసం కాదండి. సూర్రావు గారున్నారు. మొదటి తెప్ప మీద, నాలుగో తెప్ప మీద ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. గుర్తింపు వస్తే మా వంతులకి మోటారు వస్తుంది. రాకపోతే మా వంతులు మీరు చచ్చేదాకా తొక్కుతూనే ఉండాలి, పైగా మేం గట్టున పడి ఉంటాం."

"గట్టున పడి ఉంటే వంతే ఉండదు కదా" అన్నాడు వెనకనుంచి ఎవరో. అతనికి పక్కవాడి మోచెయ్యి తగిలినట్టుంది, మళ్ళీ మాట్లాడలేదు.

అప్పుడు సూర్రావు గారు చెయ్యెత్తారు. పక్షవాతంతో ఆయనకి కుడివైపంతా పోయింది, మాట ముద్దగా వస్తుంది. కొడుకు పట్టుకుని కూర్చోబెడితేగాని కూర్చోలేరు. ఒక్కో మాటా కూడగట్టుకుని అన్నారు.

"నా పేరు మీద... మీరు తొక్కుతుంటే... నేను బాగున్నట్టే కదా. నేను బాగోలేనని... ఒక్కసారి... చెప్పనివ్వండి."

కొడుకు మొహం తిప్పేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆ తరవాత వాదన జరగలేదు. గుర్తింపు రానివాళ్ళ వంతులు ఆపాలని, మిగతావాళ్ళు తమ వంతులు ఇంకాస్త గట్టిగా తొక్కాలని నిర్ణయించారు. వెంకట్రాజు గారు మిగతా తెప్పలకి తనే వెళ్ళి చెబుతానన్నారు. ఏసుమణి అందరికన్నా ముందే లేచి వెళ్ళిపోయింది.

323. హస్త కార్తె, ఆదివారం

గాలి ఈశాన్యం. నీరు ఎంతో చివర్న రాస్తాను.

పొద్దున గడప మీద నా పట్టీ అలాగే ఉంది. అడిగింది నేనే, ఆపించింది నేనే, అయినా ఎవరూ ముట్టుకోని ఆ పట్టీని చూస్తే దిక్కులేనిదాన్నయినట్టు అనిపించింది. చేతికి తొడుక్కుని, పంపు దగ్గరికి తోయమన్నాను అబ్బుల్ని.

మేము వెళ్ళేసరికి తెప్పంతా అక్కడే ఉంది. అబ్బులు నన్నెత్తి సీటు మీద కూర్చోబెట్టాడు. పట్టీ ఆనించాను, తాళం వీడింది. కాళ్ళు చేత్తో ఎత్తి పెడళ్ళ మీద పెట్టుకున్నాను. జారిపోయాయి. మళ్ళీ పెట్టాను. చేతుల్తో మోకాలు నొక్కాను. పెడలు కొంచెం దిగి ఆగిపోయింది. నిరుటిదాకా ఈ తెప్ప అడుగున చేపలా ఈదినదాన్ని, ఒక్క పెడలు దించలేక చెమటలు కక్కుతుంటే అందరూ చూస్తున్నారు. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. అయినా లేవలేదు, వంతు పూర్తయ్యేదాకా కూర్చున్నాను. పట్టీకి సాక్ష్యం కావాలంటే తీసుకో అనుకున్నాను.

చెక్కల సందుల్లోంచి నీళ్ళు పైకొచ్చాయి. వంటింట్లోంచి ఎవరిదో గిన్నె తేలుకుంటూ వచ్చి నా పలకకి తగిలి ఆగింది. ఎవరూ కదల్లేదు. మూలన నిలబడ్డ ఏసుమణి చేతులు చంకల్లో బిగించుకుని ఉంది. తొక్కకుండా ఆపుకోవడం దానికి తొక్కడం కన్నా కష్టమైంది.

వంతు గడువు తీరింది. పట్టీ ఎర్రగా వెలిగింది. మా తెప్ప మీద ఎర్రరంగు చూడటం నేను పుట్టాక ఇదే మొదలు.

నీరు మోకాలి కింద.

325. హస్త కార్తె, మంగళవారం

నీరు తగ్గలేదు. మంచినీళ్ళు సగానికి కోశారు. ఎవరూ నన్నేమీ అనలేదు గాని, బిందెలు కాస్త గట్టిగా చప్పుడు చేస్తున్నాయి.

తెల్లారుతుండగా పంపు చప్పుడు వినబడి లేచాను. పక్క ఖాళీగా ఉంది. పలక నెట్టుకుంటూ వెళ్ళి చూస్తే అబ్బులు తొక్కుతున్నాడు. తన వంతు గురువారం.

నన్ను చూసి కాళ్ళు ఆపాడు. చేతికి పట్టీలు రెండున్నాయి.

"ఎవరిది?"

"ఎవరిదో."

"అబ్బులూ."

తల గోక్కున్నాడు. "ఏసుమణిది. ఇవాళ దాని వంతు. మోకాళ్ళు పోయాయే దానికి. నీ వంతు తొక్కితొక్కి అరిగిపోయేయి. నిచ్చెన తనిఖీ రోజు పడవేసుకుని వేటకెళ్ళిపోయింది, ఎందుకనుకున్నావ్? ఎక్కలేకే. రానివాళ్ళకి స్వాతిలో మళ్ళీ తనిఖీ ఉంది, గట్టు పడవ వచ్చేరోజే."

"ఎన్నాళ్ళనుంచి తొక్కుతున్నావు?"

"అవన్నీ అడక్కూడదు కదా."

అది నా వంతు తొక్కింది. మా ఆయన దాని వంతు తొక్కాడు. నేను మధ్యలో కూర్చుని రబ్బరు కుడుతూ, నన్నెవరూ పట్టించుకోలేదని ఆఫీసుని తిడుతున్నాను. మొగుడి మీద కోపం రావాలో ముద్దు రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. పూర్తిగా తొక్కి రమ్మని చెప్పి వచ్చేశాను.

మధ్యాహ్నం ఏసుమణి ఇంటికెళ్ళి ఆసరాకి దరఖాస్తు పెట్టమన్నాను.

"నాకేమైంది?" అంది. "నేను బాగానే ఉన్నాను." కూర్చున్నచోట నుంచి మాత్రం లేవలేదు.

329. చిత్త కార్తె, శనివారం

గాలి ఈశాన్యం, మబ్బు పట్టింది. నీరు మోకాలి కింద.

వెంకట్రాజు గారు మాట నిలబెట్టుకున్నారు. అన్ని తెప్పల మీదా వంతులాగాయి, పక్క లంకలకీ పాకింది. ఇవాళ ఓ చిన్న లాంచీ వచ్చి మా తెప్పకి ఆనింది. అందులోంచి గొడుగేసుకుని ఒక పెద్దాయన దిగారు. దిగీ దిగగానే బూట్లు నీళ్ళలో మునిగాయి.

"నాగమాణిక్యం గారెవరండీ?" జలుబు గొంతు. వెంటనే పోల్చుకున్నాను.

"రండి కోదండపాణి గారూ. బూట్లు విప్పండి, మా ఇంట్లో కూడా ఇంతే నీళ్ళు."

ఆయన బూట్లు చేత పట్టుకుని నా ఎదురుగా పీట మీద కూర్చున్నారు. "నా వరుస ఖాళీ అయిపోయిందమ్మా. నిన్న సాయంత్రం చూస్తే ఒక్క ఫైలు లేదు. ఎన్నేళ్ళుగానో పేరుకున్నవన్నీ యంత్రమే తేల్చేసింది. పాడైందనుకున్నాను. చూద్దామని వచ్చాను." చుట్టూ నీళ్ళలో నిలబడి బట్టలు ఉతుక్కుంటున్న జనాన్ని, తాళ్ళకి వేలాడుతున్న గిన్నెల్ని, గట్టిగా తొక్కుతున్న పంపుని చూశారు. "ఇంతమంది పట్టీలు నిజం చెప్పాయన్నమాట."

"మేం చెప్పనిచ్చామండి."

ఆయన జేబులోంచి చిన్న తెర తీసి చదివారు. నాకు గుర్తింపు వచ్చింది. సూర్రావు గారికీ వచ్చింది. మంచినీళ్ళు రేపట్నుంచి మామూలే, మోటారు ఈ వారంలో వస్తుంది. అబ్బులు వంటింట్లోకి వెళ్ళాడు. ఏడవడానికని తెలుసు, నేను పిలవలేదు.

"చట్రానికి సహాయకులుగా ఒకర్ని రాయాలండి" అన్నారు కోదండపాణి గారు. "నడుము పట్టీలు బిగించాలి, అది కదులుతుంటే వెనక మెట్టు మీద నిలబడి పట్టుకోవాలి. బరువు మొయ్యక్కర్లేదు, మెట్టుతో సహా చట్రమే మోస్తుంది. సహాయకుల వంతు కూడా మోటారుకే వెళ్ళిపోతుంది. మీవారి పేరేనా?"

నేను వంటింటి వైపు చూశాను. అబ్బులు గుమ్మంలోకి వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"బొంతు ఏసుమణి అని రాయండి" అన్నాను.

343. స్వాతి కార్తె, శనివారం

గాలి ముదురుతోంది. మోటారు తిరుగుతోంది, తెప్ప పొడిగా ఉంది.

మూడు రోజులుగా ఏసుమణి నాతో మాట్లాడలేదు. తన వంతు తీసేశారని తెలిసిన రోజు మాత్రం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా పేరెవరిచ్చేరు?"

"ఆఫీసోళ్ళే వేసుకున్నారు. నన్నడిగి వేస్తారా?"

"ఆఫీసోళ్ళకి నా ఇంటిపేరు కూడా తెలుసా?"

"వాళ్ళకి అన్నీ తెలుస్తాయి." నేను రబ్బరు తొడుగు మీంచి తలెత్తలేదు. అది కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ఇవాళ పొద్దున గట్టు పడవ వచ్చింది, బూడిదరంగుది, పొడుగాటి బెంచీలతో. ఫణిశర్మే దిగాడు. రానివాళ్ళకి మళ్ళీ తనిఖీ అన్నాడు. జాబితాలో ఒక్క పేరే మిగిలింది. ఏసుమణి చీర కుచ్చిళ్ళు దోపుకుని వచ్చి నిచ్చెన కింద నిలబడింది. పైకి చూసింది. దాని మొహంలో భయం నేను ఎప్పుడూ చూడలేదు. నన్ను నీళ్ళలోంచి లాగిన రోజు కూడా లేదు.

నేను నిన్న వచ్చిన చట్రంలో కూర్చుని ఉన్నాను. "ఏసుమణీ, పట్టీలు బిగించు, నాకూ ఎక్కడం అలవాటవ్వాలి" అని కేకేశాను.

అది నా వైపు చూసింది. వచ్చి నా నడుముకీ తొడలకీ పట్టీలు బిగించింది. వెనక మెట్టు మీద కాలు పెట్టేటప్పుడు మోకాలు వణకడం నాకు వీపుకి తెలిసింది. చట్రం కీచుమంటూ లేచి, నిచ్చెన పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కడం మొదలుపెట్టింది. కింద తెప్పలన్నీ చిన్నవయ్యాయి. ఏసుమణి చేతులు నా భుజాల మీద బిగుసుకున్నాయి. నాకు భయం వెయ్యలేదు, నిజం చెప్పాలంటే బాగుంది. ఏడాది తరవాత మళ్ళీ నా అంతట నేను ఒక చోటికి వెళ్ళాను.

పైకి చేరాక ఫణిశర్మ కూడా ఎక్కి వచ్చాడు, ఆయాసపడుతూ. చేతిలో జాబితా. ఏసుమణిని చూశాడు, చట్రాన్ని చూశాడు, దాని మోకాళ్ళు చూశాడు.

"ఏసుమణి గారూ, మీరు సొంతంగా ఎక్కారాండీ?"

ఏసుమణి నోరు తెరిచింది. నా దగ్గర బుకాయిస్తుంది గాని, ఆఫీసోళ్ళ ముందు అబద్ధమాడటం దానికి రాదు. నేను ఆగలేదు.

"కళ్ళతో చూసి కూడా అడుగుతారేంటండీ?" అన్నాను. "నన్ను మోసుకుని మరీ ఎక్కింది."

ఫణిశర్మ చాలాసేపు జాబితా వైపే చూశాడు. తరవాత ఎక్కినట్టు రాసుకుని కిందికి దిగాడు. కాసేపటికి గట్టు పడవ ఖాళీ బెంచీలతో మళ్ళింది. అబ్బులు తెప్ప అంచున నిలబడి దానికి చెయ్యి ఊపాడు.

ఏసుమణి నా పట్టీలు విప్పడానికి ముందుకు వంగింది. అవి చిటికెలో విడిపోయే పట్టీలు. తలెత్తకుండా, పడవ కనుమరుగయ్యేదాకా విప్పుతూనే ఉంది.